కాలనిర్ణయానికి కీలక ఆధారాలు రోమన్ మట్టి దీపాలు

మార్కాపురం: నేల తవ్వుతుండగా బంగారు నాణెం బయటపడితే ఆ వార్త వెంటనే నలుగురికీ తెలుస్తుంది. బొమ్మ అచ్చొత్తిన మట్టి దీపపు పెంకు బయటపడితే పారతో పాటు పక్కకు పోతుంది. చరిత్ర రచనకు మాత్రం ఆ పెంకే ఎక్కువగా ఉపకరించే సందర్భాలు కలవు.

గిద్దలూరు, మార్కాపురం, దొనకొండల మీదుగా సాగే రైలు మార్గంలోనే ఉన్న వినుకొండ వద్ద 19వ శతాబ్దంలో రోమన్ బంగారు నాణేల నిక్షేపం లభించింది. అందులో టైబీరియస్ (క్రీ.శ. 14-37) మొదలు కారకల్లా (211-217) వరకు గల చక్రవర్తుల నాణేలున్నాయి. బంగారం చేతులు మారుతూ తరతరాలు నిలుస్తుంది. కనుక నాణెం ముద్రించిన కాలం తెలిసినంత మాత్రాన అది భూమిలోకి చేరిన కాలం తెలియదు. మట్టి దీపం అలా కాదు. కొద్దికాలపు వాడకంలోనే పగిలి పెంటపోగుకు చేరుతుంది. అందువల్ల అది దొరికిన మట్టిపొర వయస్సును దగ్గరగా తెలుపగలదు.

మన ప్రమిద సారెపై రూపొందే తెరచిన పాత్ర. రోమన్ దీపం మూసిన పాత్ర. పై, కింది భాగాలను వేర్వేరు అచ్చులలో ఒత్తి, పచ్చిగా ఉండగానే అతికించి, పలుచని మట్టిపూత పూసి కాల్చేవారు. పైన గుండ్రని పలకపై దేవతలు, ఖడ్గయోధులు, రథాల పందేలు, నౌకలు, జంతువుల బొమ్మలుండేవి. నూనె పోయుటకు చిన్న రంధ్రం, వత్తికి ముందుకు పొడుచుకువచ్చిన ముక్కు ఉండేవి. కొన్నింటి అడుగున తయారీదారు పేరు కనిపిస్తుంది. ఇటలీకి చెందిన 'ఫోర్టిస్' ముద్రకు ఎంత గిరాకీ అంటే, ఇతర రాష్ట్రాలలో దానికి నకళ్లు పుట్టుకొచ్చాయి. దొంగ మార్కుల బెడద ఈనాటిది కాదు!

పుదుచ్చేరి సమీపంలోని అరికమేడులో 1945లో సర్ మార్టిమర్ వీలర్ జరిపిన తవ్వకాలలో ఇటలీ మట్టిపాత్రల పెంకులతో పాటు రోమన్ దీపపు ముక్కలు కూడా లభించాయి. అక్కడి పొరలకు ఆయన కాలక్రమం నిర్ణయించినది ప్రధానంగా అటువంటి పెంకుల ఆధారంగానే.

పశ్చిమ ప్రకాశంలో గుండ్లకమ్మ తీరాన గల చందవరం బౌద్ధ స్తూపం 1970వ దశకపు తవ్వకాలలో వెలుగుచూసింది. అక్కడి నుండి అపహరణకు గురైన ఒక శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొనుగోలు చేసి, 2016లో భారతదేశానికి అప్పగించింది. శిల్పాన్ని గుర్తుపట్టి రప్పించవచ్చు. పొర నుండి వేరైన పెంకు తిరిగి దొరికినా, అది చెప్పవలసిన సాక్ష్యం మాత్రం తిరిగి రాదు.

1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిక్షేపం దొరికితే కలెక్టరుకు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. మట్టిపెంకు ఆ పది రూపాయలు చేయకపోవచ్చు. అయితే 1972 నాటి పురావస్తువుల చట్టం ధరను చూడదు; నూరేళ్లు నిండిన చేతిపనిని పురావస్తువుగానే పరిగణిస్తుంది. కావున చెరువుల పూడికతీత, కాలువ పనులను పర్యవేక్షించే అధికారులు బొమ్మ గల పెంకు కనిపించినచో కడగకుండా, కదపకుండా ఫొటో తీయించి, స్థలాన్ని, లోతును నమోదు చేసి పురావస్తు శాఖకు తెలియజేయాలి. పాత్రికేయ మిత్రులు ఆ శాఖ సిబ్బంది చేరేవరకు స్థలపు ఆనవాళ్లను ప్రచురించకపోవడం మేలు.