మీకు తెలుసా? బల్ల మీద విశాఖ రైలు

రైలు బొమ్మ అనగానే పిల్లల ఆట గుర్తుకొస్తుంది. అసలు రైలును టేపు పెట్టి కొలిచి, అదే నిష్పత్తిలో తగ్గించి, స్టేషను, సిగ్నలు, చెట్టు, పుట్ట అన్నీ కలిపి బల్ల మీద కట్టే పెద్దవాళ్లు కూడా ఉన్నారు. ఇలా కట్టినదాన్ని మోడల్ రైల్వే లేఅవుట్ అంటారు. దేశదేశాల్లో వీటికి ప్రత్యేకంగా ప్రదర్శనలు జరుగుతాయి. ఆ కొలతలే మన విశాఖ రైళ్లకు వేసి చూస్తే భలే సంగతులు తేలతాయి.

మన పట్టాలు బజారులో దొరకవు

ప్రపంచంలో ఎక్కువమంది వాడే స్కేలు హెచ్‌ఓ. ఇందులో నమూనా అసలు రైలులో 87వ వంతు ఉంటుంది, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. యూరప్, అమెరికాల్లోని స్టాండర్డ్ గేజ్ 1,435 మి.మీ.ని 87తో భాగిస్తే వచ్చే అంకె అదే. మన బ్రాడ్ గేజ్ మాత్రం 1,676 మి.మీ. కాబట్టి మనకు 19.26 మి.మీ. పట్టాలు కావాలి. కొనుక్కొచ్చిన హెచ్‌ఓ పట్టాల మీద మన ఇంజినును పెడితే, లెక్క ప్రకారం అది దాదాపు 240 మి.మీ. ఇరుకైన లైను మీద నడుస్తున్నట్టే.

బ్రిటన్‌లోనూ ఇదే తకరారు

బ్రిటిష్ రైలింజిన్లు ఒళ్లు చిన్నవి. తొలినాళ్ల మోటార్లు ఆ చిన్న నమూనాల్లో పట్టలేదు. దాంతో తయారీదారులు బండిని 76వ వంతుకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 మి.మీ. దగ్గరే ఉంచేశారు. అదే ఓఓ గేజ్. ఆ తేడా కంటికి నచ్చనివాళ్లు ముందు 18 మి.మీ.కి, 1960లలో 18.83 మి.మీ.కి వెళ్లారు. అచ్చమైన కొలత కోసం చక్రాలు, పట్టాలు సొంతంగా చేసుకునే ఈ పద్ధతిని ఫైన్ స్కేల్ అంటారు. అదే స్కేలులో మన బ్రాడ్ గేజ్ సరిగ్గా 22 మి.మీ. వస్తుంది. లెక్క ఇంత శుభ్రంగా కుదరడం మనవాళ్ల అదృష్టం.

మలుపు దగ్గరే అసలు పరీక్ష

అట్టపెట్టెలో వచ్చే బొమ్మ రైలు 36 సెంటీమీటర్ల వ్యాసార్ధంలోనే గిర్రున తిరిగేస్తుంది. మన బ్రాడ్ గేజ్‌లో అనుమతించే అతి గట్టి మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్‌ఓలో అది 2 మీటర్లకు పైమాట. ఆ మలుపుతో గుండ్రంగా లైను వేయాలంటే నాలుగు మీటర్ల వెడల్పు గది చాలదు. అందుకే ఫైన్ స్కేల్ లేఅవుట్లు ఎక్కువగా గోడ వెంబడి పొడుగ్గా ఉంటాయి.

బరువు మాత్రం మాట వినదు

పొడవు 87 రెట్లు తగ్గితే బరువు తగ్గేది 87 రెట్లు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు ఆరున్నర లక్షల రెట్లు పడిపోతుంది. కొత్తవలస–కిరండూల్ లైనులో ఏళ్ల తరబడి ఖనిజం లాగిన డబ్ల్యూఏజీ-5 ఎలక్ట్రిక్ ఇంజిను బరువు 118.8 టన్నులు. హెచ్‌ఓ లెక్కలో అది 180 గ్రాములు. అంత తేలికైతే చక్రాలు పట్టాల మీద జారిపోతాయి. అందుకే నమూనా ఇంజిన్ల కడుపులో లోహపు దిమ్మలు దాచి బరువు పెంచుతారు. కొలత తప్పినా తప్పనిపించుకోని చోటు ఇదొక్కటే.

సెకనుకు జానెడున్నర

గంటకు 100 కి.మీ. వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ హెచ్‌ఓ లేఅవుట్‌లో సెకనుకు 32 సెంటీమీటర్లు మాత్రమే కదలాలి. ఘాట్‌లో 40 కి.మీ. వేగంతో ఎక్కే గూడ్సుకైతే 13 సెంటీమీటర్లు చాలు. 58 బాక్స్‌ఎన్ వ్యాగన్లున్న ఖనిజపు గూడ్సు నమూనా పొడవే ఏడు మీటర్లు దాటుతుంది. ప్రదర్శనలో బండి చాలా నెమ్మదిగా, కుదుపు లేకుండా బయల్దేరిందంటే నడిపేవారు చేయి తిరిగినవారని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

కేకే లైనును ఇంట్లో వేస్తే?

1960వ దశకంలో, జపాన్‌కు ఇనుప ఖనిజం పంపడం కోసం కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. దాని పొడవు దాదాపు 446 కి.మీ. హెచ్‌ఓలో యథాతథంగా కడితే 5 కి.మీ. దాటుతుంది. దారిలోని సిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. చాలాకాలం దేశంలో ఎత్తైన బ్రాడ్ గేజ్ స్టేషనుగా పేరు దానిదే. నమూనాలో ఆ ఎత్తు పదకొండున్నర మీటర్లు! జర్మనీలోని హాంబర్గ్‌లో 2001లో తెరిచిన మినియాటూర్ వుండర్‌లాండ్‌లో 16 కి.మీ.లకు పైగా పట్టాలున్నాయి. ఇళ్లలో కట్టేవాళ్లకు అంత చోటెక్కడిది? వాళ్లు ఒక సొరంగం, ఒక వంతెన, ఒక మలుపు ఏరుకుని మిగతాది వదిలేస్తారు. బొర్రా గుహల దగ్గరి ఒక్క మలుపు చాలు, చూసినవాళ్లు లైను పేరు చెప్పేస్తారు.

విశాఖ స్టేషను లేఅవుట్ల కోసమే పుట్టినట్టుంది

విజయవాడ వైపు నుంచి విశాఖ స్టేషనులోకి వచ్చి హౌరా వెళ్లే బండి, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. ముందు వెనకవుతుంది. ఇంజిను రెండో కొసకు మారుతుంది. మోడలర్లకు ఇలాంటి స్టేషనంటే ప్రాణం. ఎందుకంటే ఒక వైపే లైను గీస్తే సరిపోతుంది. బయటికి వెళ్లిన బండి తెర వెనక ఫిడిల్ యార్డ్ అనే దాపుడు యార్డులోకి పోయి నిలబడుతుంది. అక్కడ సిద్ధంగా ఉన్న మరో బండి స్టేషనుకు వస్తుంది. బ్రిటిష్ మోడలర్ సిరిల్ ఫ్రీజర్ 1957లో గీసిన ‘మినోరీస్’ ప్లాను ఇదే కిటుకు మీద నిలబడింది. మూడు ప్లాట్‌ఫారాల ఆ చిన్న స్టేషను ప్లానును బ్రిటన్‌లో ఇప్పటికీ కడుతూనే ఉన్నారు.

పట్టాలు జర్మన్ సిల్వర్‌వే

మన ఇళ్లలో పూజ పళ్లేలకు, పేరంటం కానుకలకు వాడే జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన మిశ్రమలోహమది. మంచి మోడల్ రైలు పట్టాలు దానితోనే చేస్తారు. ఇంజినుకు కరెంటు అందేది పట్టాల నుంచే కాబట్టి అవి మురికి పట్టకూడదు. ఉక్కు తుప్పు పడుతుంది, ఇత్తడి త్వరగా మసకబారుతుంది. ఉప్పుగాలి వీచే విశాఖలాంటి ఊళ్లో ఈ ఎంపిక మరీ ముఖ్యం.

కొడుకు చోట పనిచేసిన యంత్రం

రెవరెండ్ పీటర్ డెన్నీ కట్టిన ‘బకింగ్‌హామ్’ లేఅవుట్ బ్రిటన్‌లో ఫైన్ స్కేల్‌కు దారి చూపినవాటిలో ఒకటి. బండ్లు పంపడంలో ఆయనకు కొడుకు క్రిస్పిన్ సాయం చేసేవాడు. కొడుకు లేనప్పుడు ఎలా? గంటల సంకేతాలు పంపి తనంతట తానే బండ్లు నడిపే యంత్రం తయారుచేసుకున్నారు. దానికి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పేరు పెట్టారు.

ఐటీ కొండలకు చుట్టరికం

మధురవాడ, రుషికొండ ఐటీ కొండల మీద కోడ్ రాసేవాళ్లు ఇది వినాలి. అమెరికాలోని ఎంఐటీలో టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్ అనే విద్యార్థి సంఘం ఉంది. పాత టెలిఫోన్ రిలేలతో రైళ్ల స్విచింగ్ వ్యవస్థ కట్టిన ఆ కుర్రాళ్లే తర్వాత కాలేజీ కంప్యూటర్ల మీద పడ్డారు. తొలి కంప్యూటర్ ఆటల్లో ఒకటైన ‘స్పేస్‌వార్’ 1962లో వచ్చింది. దాన్ని రాసిన స్టీవ్ రసెల్ ఆ క్లబ్బు సభ్యుడే. ఆట ఆడే మీటల పెట్టెలను కూడా క్లబ్బు సభ్యులే అక్కడున్న సామానుతో చేశారు. ఇప్పటి మోడల్ రైళ్లు చాలావరకు డిజిటల్ కమాండ్ కంట్రోల్‌తో నడుస్తాయి. ఒక్కో ఇంజినుకు ఒక్కో చిరునామా ఉంటుంది. కరెంటూ ఆజ్ఞలూ రెండూ పట్టాల మీదే ప్రవహిస్తాయి. దీని ప్రమాణాలు 1990లలో ఖరారయ్యాయి.

మహారాజు విందులో వెండి రైలు

గ్వాలియర్ జై విలాస్ ప్యాలెస్‌లో భోజనాల బల్ల మీద వెండి రైలు తిరిగేది. అతిథుల ముందుకు మద్యం, చుట్టలు మోసుకెళ్లేది. పెట్టె మీది సీసా ఎత్తగానే ఆగేది. ఇంగ్లండ్‌లో పేరుమోసిన బాసెట్-లోక్ కంపెనీ సింధియాలకు చేసి ఇచ్చిందది. సామాన్యులు చూడదగ్గ లేఅవుట్ కావాలంటే పుణేలో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది.

రైల్వేవాళ్లూ ఆడతారు, ఉద్యోగం కోసం

స్టేషన్ మాస్టర్లకు, సిగ్నల్ సిబ్బందికి శిక్షణ ఇచ్చే రైల్వే సంస్థల్లో మోడల్ రూమ్ అనే గది ఉంటుంది. నమూనా స్టేషన్లు, సిగ్నళ్లు, పాయింట్లు పెట్టి బండి ఇవ్వడం, తీసుకోవడం అక్కడే నేర్పుతారు. సిగ్నల్, టెలికాం ఇంజినీరింగ్ శిక్షణకు పెద్ద దిక్కైన సికింద్రాబాద్ ఇరిసెట్ 1957లో మొదలైంది. అసలు లైనులో తప్పు చేస్తే ప్రాణాలు పోతాయి. నమూనాలో చేస్తే మాస్టారి చీవాట్లతో పోతుంది.

లేఅవుట్ మనకు కొత్తేం కాదు

సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువు పక్కన ఇసుక పోసి, ఆవాలు, మెంతులు మొలకెత్తించి, అద్దం ముక్కతో చెరువు పెట్టి, చుట్టూ కీ రైలు తిప్పిన ఇళ్లెన్నో. దాన్నే కొలత పెట్టి చేస్తే మోడల్ రైల్వే. చేతిపనికీ మనకు కొదవ లేదు. 2017లో తమ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు పొందిన ఏటికొప్పాక కళాకారులు అంకుడు కర్రను తరిణి మీద తిప్పి బొమ్మలు తీర్చడంలో దిట్టలు.

మధురవాడకు స్టేషను

క్రికెట్ స్టేడియం, జాతీయ రహదారి, ఐటీ కంపెనీలు అన్నీ ఉన్న మధురవాడకు రైల్వే స్టేషను మాత్రం లేదు. హౌరా–చెన్నై లైను సింహాచలం కొండలకు అవతలి వైపు, పెందుర్తి, కొత్తవలసల మీదుగా పోతుంది. స్టేషను లేని ఊరికి స్టేషను కట్టి, దానికో చరిత్ర అల్లి, టైంటేబుల్ రాసి నడపడం మోడలర్ల పాత అలవాటు. బకింగ్‌హామ్ లేఅవుట్‌లోని రైలు మార్గం కూడా ఊహించినదే.

మొదలుపెట్టాలంటే నౌపడ నుంచే

పర్లాకిమిడి రాజావారు వేయించిన నౌపడ నేరో గేజ్ లైను 1900లో ప్రయాణికులకు తెరుచుకుంది. తర్వాత గుణుపురం దాకా సాగింది. 2004లో బ్రాడ్ గేజ్ మార్పు కోసం ఆగేదాకా టెక్కలి, పాతపట్నం మీదుగా చిన్న రైలు నడిచింది. దాని గేజ్ 762 మి.మీ. హెచ్‌ఓలో అది 8.76 మి.మీ. బజారులో దొరికే ఎన్ గేజ్ పట్టాల వెడల్పు 9 మి.మీ. అంటే అసలు కొలతలో తేడా 21 మి.మీ. మాత్రమే. బ్రాడ్ గేజ్‌తో పడే 240 మి.మీ. తేడా ముందు ఇది లెక్కలోది కాదు. చిన్న ఇంజిను, నాలుగు పెట్టెలు, ఒక ప్లాట్‌ఫారం, పక్కన ఉప్పుమళ్లు ఉంటే చాలు, అరలో పట్టే పలక మీద లేఅవుట్ సిద్ధం. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఆ లైను పాత ఫొటోలుంటే దాచి ఉంచండి. కొలతలు తీయడానికి అవి మంచి ఆధారం.