సున్నం, యాసిడ్, నీరు – పి.హెచ్. అంకె ఏం చెబుతుంది?

పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మనందరికీ తెలుసు. పసుపు మరకకు సబ్బు రాసినా అంతే. సున్నం, సబ్బు రెండూ క్షారాలు. క్షారం తగిలితే పసుపు రంగు మారుతుంది. మేము ఆసుపత్రిలో వాడే పి.హెచ్. కాగితం కూడా ఇలాగే రంగు మారుతుంది. ఆ రంగును డబ్బామీది రంగులతో పోల్చి, ఆమ్లమో క్షారమో, ఎంత బలమైనదో తెలుసుకుంటాం.

పి.హెచ్. అంటే ఏమిటి?

ఈ కొలతను 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. సాధారణంగా 0 నుండి 14 వరకు లెక్కిస్తారు. 7 అయితే తటస్థం, తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నిమ్మరసం సుమారు 2, మన రక్తం 7.35 నుండి 7.45, తడి సున్నం 12కు పైన. ఒక్క అంకె మారితే బలం పది రెట్లు, రెండంకెలు మారితే నూరు రెట్లు మారుతుంది.

కంటికి ఎందుకు ప్రమాదం?

యాసిడ్ అంటే అందరూ భయపడతారు. సున్నాన్ని, కాస్టిక్ సోడాను అంతగా పట్టించుకోరు. మన చీరాల చుట్టుపక్కల నూలుకు రంగులు అద్దేచోట కాస్టిక్ సోడా వాడతారు. పండుగలకు గోడలకు సున్నం వేస్తారు. తాంబూలపు సున్నం ప్యాకెట్‌ను పిల్లలు నొక్కితే పగిలి కంట్లోకి చిమ్ముతుంది. యాసిడ్ తగిలినచోట కణజాలం గడ్డకట్టి, అది లోపలికి దిగకుండా కొంత అడ్డుపడుతుంది. క్షారం కొవ్వును కరిగించుకుంటూ లోతుకు పోతుంది. చూపే పోవచ్చు.

వెంటనే ఏం చేయాలి?

1. ఆ క్షణమే శుభ్రమైన నీటిని ధారగా పోస్తూ రెప్పలు తెరిచి కడగండి. కనీసం 20 నుండి 30 నిమిషాలు కడగాలి. వీలైతే దారిలో కూడా ఆపవద్దు.
2. కన్ను నలపవద్దు. చనుబాలు, ఆముదం, నెయ్యి వేయవద్దు.
3. సున్నానికి విరుగుడని నిమ్మరసం, యాసిడ్‌కు విరుగుడని సోడా వేయవద్దు.
4. ప్యాకెట్ లేదా సీసా వెంట తీసుకుని ఆసుపత్రికి రండి.
5. పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. వెంటనే తీసుకురండి.

"ఇంకా ఎంతసేపు కడుగుతారు సిస్టర్?" అని బంధువులు అడుగుతుంటారు. కనురెప్ప లోపల పి.హెచ్. కాగితం తాకించి, అంకె 7 దగ్గరకు వచ్చేదాకా కడుగుతాం. కొద్ది నిమిషాలు ఆగి మళ్ళీ చూస్తాం. రెప్ప మడతలో సున్నపు పలుకు మిగిలి ఉంటే అంకె తిరిగి పెరుగుతుంది. అప్పుడు రెప్ప తిప్పి పలుకు తీసి, మళ్ళీ కడుగుతాం.

తాగే నీటి సంగతి

భారత ప్రమాణాల ప్రకారం తాగునీటి పి.హెచ్. 6.5 నుండి 8.5 మధ్య ఉండాలి. అయితే అంకె బాగుందని నీరు మంచిదనుకోకూడదు. ఆ కాగితం ఉప్పును, ఫ్లోరైడును, రోగక్రిములను చూపదు. వాటికి వేరే పరీక్షలున్నాయి. క్రిముల భయం ఉంటే నీటిని కాచి చల్లార్చి తాగండి.

సున్నం, కాస్టిక్ సోడా, యాసిడ్‌లను పిల్లలకు అందనిచోట, మూత బిగించి ఉంచండి. కూల్‌డ్రింక్ సీసాల్లో పోయకండి. రంగుల పని, సున్నం పని చేసేవారు కళ్ళద్దాలు పెట్టుకోండి, దగ్గరలో ఎప్పుడూ ఒక బిందెడు మంచినీళ్ళు ఉంచుకోండి.