పాస్‌వర్డ్ తాళం గట్టిదేనా?

ఊరికి బయలుదేరుతున్నామంటే తలుపుకి తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి, హుజూరాబాద్ బస్టాండుకి చేరాక కూడా "తాళం మంచిగ పడ్డదంటవా?" అని మావారిని అడిగే రకం నేను. మీలో చాలామంది కూడా అంతే కదూ! అలాంటి నేను ఫోనులోని ఖాతాలకు మూడేళ్ళపాటు ఏం తాళం వేశానో తెలుసా? నా పేరు, దాని పక్కన 123.

అది నేను పెట్టుకున్నది కూడా కాదు. ఫోను కొన్నచోట ఒక కుర్రాడు ఈమెయిల్, ఫేస్‌బుక్ తెరిచి ఇస్తూ "గిదైతే గుర్తుంటది ఆంటీ" అని పెట్టాడు. నేనూ సంబరపడ్డాను. చీరలు తెప్పించుకునే చోట, బస్సు టికెట్లు తీసుకునే చోట కూడా అదే వాడాను. ఒక్క తాళంచెవితో ఇల్లంతా తెరుచుకుంటే ఎంత హాయి అనుకున్నాను!

కిందటేడు ఎవరో నా ఫేస్‌బుక్‌లోకి దూరి, నా పేరుతో మావాళ్ళందరికీ మెసేజ్‌లు పెట్టారు. ఆసుపత్రిలో ఉన్నాం, అర్జెంటుగా డబ్బు కావాలి అని ఒక నంబరు ఇచ్చారు. మా చెల్లెలు వెంటనే నాకు ఫోన్ చేసి అడిగింది కాబట్టి దాని డబ్బు దక్కింది. జమ్మికుంట దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ అడగలేదు. పత్తి అమ్మిన డబ్బుల్లోంచి ఎనిమిది వేలు పంపేశాడు. ఆ సంగతి నాతో అంటే ఇచ్చింది గుర్తు చేసినట్టుంటుందని ఊరుకున్నాడట. మూడు వారాల తర్వాత ఒక పెళ్ళిలో "ఇప్పుడు పానం ఎట్లున్నది బిడ్డా?" అని అడిగితే గానీ విషయం బయటపడలేదు. "నేనెప్పుడు అడిగిన మామా?" అంటే, "నువ్వే అడిగినవ్ గద బిడ్డా" అని ఫోను తీసి చూపించాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

1930కి ఫోన్ చేశాం గానీ, అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ నంబరు మీరు ఇప్పుడే రాసి పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే చేస్తే, దొంగ దాన్ని బయటికి తీసేలోపు ఆపించే వీలుంటుంది. మూడు వారాలకు ఇంకేముంటుంది?

ఆ తర్వాత డిగ్రీ చదివే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. దొంగలు మన పేరు పట్టుకుని కూర్చుని పాస్‌వర్డ్ ఊహిస్తారనుకునేదాన్ని. చాలాసార్లు ఆ అవసరమే రాదట. 2009లో అమెరికాలో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్ల 20 లక్షల పాస్‌వర్డులు దొంగల చేతిలో పడ్డాయి. వాటిలో అందరికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456! బద్ధకానికి అమెరికా ఏమిటి, హుజూరాబాద్ ఏమిటి? ఇలా ఒకచోట దొరికిన పేర్లు, పాస్‌వర్డులను కంప్యూటర్ చేత మిగతా అన్నిచోట్లా పెట్టించి చూస్తారట. అన్నిటికీ ఒకటే వాడితే వచ్చే చిక్కు అదే. నాది ఎక్కడ పోయిందో ఈనాటికీ నాకు తెలియదు.

మరి ఎలాంటిది పెట్టుకోవాలి? పిల్లల పేర్లు, పెళ్ళిరోజు, బండి నంబరు వద్దే వద్దు. అవన్నీ కేకు ఫొటోలతో సహా మనమే లోకానికి చూపించాం. అక్షరం బదులు అంకె, చివర ఒక ఆశ్చర్యార్థకం పెట్టి మురిసిపోవడమూ దండగే. అలా గుర్తులు కలపండి, తరచూ మార్చండి అని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ తరఫున సలహాలు రాసిన బిల్ బర్ అనే ఆయనే, 2017లో అలా రాసినందుకు విచారపడ్డారు. మార్చమంటే జనం చివరి 1ని 2 చేసి ఊరుకుంటున్నారు మరి!

అసలు బలమంతా పొడవులో ఉంది. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలతో సుమారు 20,900 కోట్ల రకాలు వస్తాయి. వేగమైన కంప్యూటర్లకు అది పెద్ద పని కాదు. ఇంకో నాలుగు అక్షరాలు చేరిస్తే ఆ పని 4,56,976 రెట్లు పెరుగుతుంది.

నేను చేసింది చెబుతాను. పిల్లల పాత నిఘంటువు తీసుకుని, కళ్ళు మూసుకుని పేజీ తెరిచి, వేలు పెట్టిన చోట ఉన్న తెలుగు మాట రాసుకున్నాను. అలా ఐదుసార్లు. రోకలి, వంతెన, జీలకర్ర, గాలిపటం, గుమాస్తా... ఇలా పొంతన లేని మాటలు రావాలి. (ఇది పత్రికలో పడింది కాబట్టి మీరు దీన్నే పెట్టుకోకండి!) వాటిని వాట్సాప్‌లో రాసినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాస్తే సరి. మనకి మనమే ఆలోచించి మాటలు ఎంచుకుంటే మళ్ళీ దేవుడి పేరో, మనవడి పేరో వచ్చి కూర్చుంటుంది, అందుకే నిఘంటువు.

ముందు ఈమెయిల్‌తో మొదలుపెట్టండి. ఏ ఖాతాకైనా పాస్‌వర్డ్ మర్చిపోయామని నొక్కితే, కొత్తది పెట్టుకునే దారి సాధారణంగా అక్కడికే వస్తుంది. అది దొంగ చేతిలో పడితే మిగతావీ పడ్డట్టే. పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు సెట్టింగుల్లో ఉంటుంది, దాన్నీ పెట్టించుకోండి. ఆ కోడ్ ఎవరడిగినా చెప్పకూడదు.

ఇన్ని గుర్తుండవు అంటారా? పుస్తకంలో రాసి బీరువాలో చీరల కింద పెట్టండి. ఎక్కడో ఉన్న దొంగ మా ఇంటి బీరువా దాకా రాడు. ఏటీఎం కార్డు వెనకాలో, ఫోను కవరులోనో మాత్రం రాయకండి. మా అత్తమ్మ అదే చేసింది, అదీ 1234!

పిన్ నాలుగంకెలదైతే ఉన్నవే పదివేల రకాలు. కొద్దిసార్లు తప్పు కొడితే బ్యాంకు ఆపేస్తుంది కాబట్టి అది సరిపోతుంది. అయితే పుట్టిన సంవత్సరం లాంటిది పెడితే ఆ కొద్దిసార్లే దొంగకి చాలు. ఇంకొకటి, మనకు డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. కొట్టమన్నారంటే పోయేది మన డబ్బే.

మామకి ఎనిమిది వేలు ఇవ్వబోతే తీసుకోలేదు. ఈమధ్య నేను మెసేజ్ పెడితే మాత్రం ముందు ఫోన్ చేసి, నా చిన్నప్పుడు వాళ్ళింట్లో ఉన్న బర్రె పేరు చెప్పమంటాడు. చెప్పాకే మాట్లాడతాడు. ఆ పేరు మాత్రం ఇక్కడ రాయను.