సొరంగంలో పొగ ఎటు పోతుంది?

ముత్యంపేట, మెట్‌పల్లి, కోరుట్ల నుంచి బతుకుదెరువుకు గల్ఫ్ వెళ్లినవాళ్లకు నేల కింద నడిచే రైలు కొత్త కాదు. 2019లో మొదలైన దోహా మెట్రో చాలావరకు భూగర్భంలోనే, అదీ డ్రైవరు లేకుండా నడుస్తుంది. మన హైదరాబాద్ మెట్రో స్తంభాల మీదిది. దాని ముప్పులు వేరు: 2019 సెప్టెంబరులో అమీర్‌పేట స్టేషన్ కింద వానకు తలదాచుకున్న ఒక యువతి, పైనుంచి పెచ్చులూడి మీద పడటంతో చనిపోయింది. సొరంగంలో మాత్రం అన్నిటికంటే ఎక్కువగా భయపడాల్సింది పొగకు.

2003 ఫిబ్రవరి 18న దక్షిణ కొరియాలోని దేగు నగరంలో ఒకడు మెట్రో పెట్టెలో నిప్పు పెట్టాడు. రైలు స్టేషన్లోనే ఉంది, తలుపులు తెరిచి ఉన్నాయి. దాంతో అందులోంచి చాలామంది బయటపడగలిగారు. అసలు ఘోరం ఆ తర్వాతది. పొగ నిండుతున్న అదే స్టేషన్లోకి ఎదురు దిక్కు రైలును రానిచ్చారు. అది పక్కనే వచ్చి ఆగింది. కరెంటు పోయింది, బండి కదల్లేదు. లోపలివాళ్లను కూర్చోమన్నారు. చివరికి డ్రైవరు తాళంచెవి తీసుకుని బయటపడ్డాడు, తలుపులు మూసుకునే ఉండిపోయాయి. చనిపోయిన 192 మందిలో ఎక్కువమంది ఈ రెండో రైలువాళ్లే. నిప్పు పెట్టింది ఒక్కడే కావచ్చు, అన్ని ప్రాణాలు పోవడానికి కారణం మాత్రం ఆ రైలును ఆపాల్సినవాళ్లు ఆపకపోవడమే.

వేడి పొగ పైకి పోతుంది. నేల కింద చిక్కినవాళ్లకూ పైకే దారి. అందుకే మెట్లు, ఎస్కలేటర్లే పొగగొట్టాలవుతాయి. 1987లో లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్లో చెక్క ఎస్కలేటర్ కింద రాజుకున్న మంట 31 మందిని బలిగొన్నది ఇలాగే. దీనికి విరుగుడుగా సొరంగాల్లో పెద్ద ఫ్యాన్లు పెడతారు. అవి పొగను ఒక దిక్కుకు తోస్తే, జనాన్ని మంచిగాలి వచ్చే రెండో దిక్కుకు నడిపిస్తారు. సింగరేణి బొగ్గుబాయిలో దిగినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

మంట కనబడగానే సొరంగం మధ్యలో బండి ఆపించాలనిపిస్తుంది. వీలైతే తర్వాతి స్టేషన్‌దాకా పోనివ్వడమే మేలు. అక్కడ ప్లాట్‌ఫారం, మెట్లు, సహాయం ఉంటాయి. 2018 డిసెంబరులో కోల్‌కతా మెట్రో రైలు పొగతో సొరంగంలోనే ఆగిపోతే, ఊపిరాడక జనం కిటికీ అద్దాలు పగలగొట్టుకోవాల్సి వచ్చింది.

అలాంటప్పుడు కూడా తొందరపడి పట్టాల మీదికి దూకకండి. కోల్‌కతా, బెంగళూరు మెట్రోల్లో పట్టాల పక్కనే 750 వోల్టుల కరెంటు పట్టా ఉంటుంది. కరెంటు ఆపామని సిబ్బంది చెప్పాకే దిగండి.