పోలికకు మార్కులు వేసే లెక్క

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఆ రోజు నర్సీపట్నం విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. ఊరు ఉన్నచోటే ఉంది, పిన్‌కోడ్ 531116 అలాగే ఉంది. అంతకుముందు కంప్యూటర్లోకి ఎక్కిన రికార్డుల్లో మాత్రం జిల్లా పేరు పాతబడిపోయింది.

పక్కనే ఉన్న గొలుగొండ మండలంలో చింతల అప్పలనాయుడు అనే రైతు ఉన్నాడనుకుందాం. పాత జాబితాలో ఆయన ‘చింతల అప్పలనాయుడు’, జిల్లా విశాఖపట్నం. కొత్త జాబితాలో ‘సి.హెచ్. అప్పలనాయుడు’, జిల్లా అనకాపల్లి. రెండింటిలోనూ అవే మూడు సర్వే నంబర్లు, కాకపోతే వరస వేరు. ఇద్దరూ ఒకరేనా అంటే, ఆ ఊరి భూములు తెలిసిన రెవెన్యూ ఉద్యోగి చూడగానే అవునంటాడు. యంత్రం అక్షరానికి అక్షరం పోల్చి కాదంటుంది. ఆ యంత్రానికి ‘ఎంతవరకు అవును’ అని చెప్పడం నేర్పిన లెక్కకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

మొదటి అడుగు 1918లో పడింది. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ పేర్లను రాసే తీరును బట్టి కాకుండా పలికే తీరును బట్టి వర్గాలు చేసే సౌండెక్స్ పద్ధతికి పేటెంటు పొందాడు. 1946లో హాల్బర్ట్ డన్ ఒక మనిషి పుట్టుక నుంచి మరణం దాకా ఉన్న రికార్డులన్నిటినీ జతచేయాలని ప్రతిపాదించాడు. 1959లో కెనడాలో హోవార్డ్ న్యూకోంబ్ బృందం ఆ పనిని కంప్యూటర్‌తో చేసి చూపింది. 1965లో రష్యన్ గణితవేత్త వ్లదీమీర్ లెవెన్‌స్టైన్ ఒక మాటను మరో మాటగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కపెట్టే కొలతను ఇచ్చాడు. ‘నరసీపట్నం’కు ‘నర్సీపట్నం’కు మధ్య యూనికోడ్‌లో తేడా ఒక్క పొల్లు గుర్తే, అంటే దూరం 1. పశ్చిమ గోదావరిలోని ‘నర్సాపురం’ మాత్రం ‘నర్సీపట్నం’ నుంచి 4 మార్పుల దూరంలో ఉంటుంది.

దూరాన్ని కొలిచే కథలో మన విశాఖకూ చోటుంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. అందుకు వాడింది గణాంకవేత్త మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన దూరం. ఒకదానితో ఒకటి ముడిపడిన లక్షణాలను విడివిడిగా లెక్కేసి పోలికను పెంచకుండా ఆ కొలత అడ్డుకుంటుంది. చిరునామాకూ ఇదే వర్తిస్తుంది. గ్రామం కలిసిందంటే మండలం కలవడంలో కొత్త సాక్ష్యం ఏమీ లేదు.

1969లో కెనడా గణాంకవేత్తలు ఇవాన్ ఫెల్లెగీ, అలన్ సంటర్ ఈ ఆలోచనలకు గట్టి సిద్ధాంతం కట్టారు. అరుదైనది కలిస్తే ఎక్కువ మార్కులు, అందరికీ ఉండేది కలిస్తే తక్కువ మార్కులు. సింహాచలం అప్పన్న పేరు ఇంటింటా వినిపించే ఉత్తరాంధ్రలో ‘అప్పలనాయుడు’ కలవడం చిన్న సాక్ష్యం. మూడు సర్వే నంబర్లు కలవడం పెద్ద సాక్ష్యం. అంతకన్నా ముఖ్యమైన మాట కూడా వారు చెప్పారు. తీర్పులు మూడు ఉండాలి: ఒకటే, వేరు, మనిషి చూసి తేల్చాలి.

ఇక రికార్డుకు ఒక ఆకారం ఉంటుంది. రైతులో పేరు, చిరునామా, భూమి ఉంటాయి. భూమిలో సర్వే నంబర్లు. ఒక్కో నంబరులో విస్తీర్ణం. ఇలా కొమ్మలు వేసే చెట్ల మధ్య దూరాన్ని 1979లో కువో-చుంగ్ తాయ్ లెక్కగట్టాడు. 1989లో కైజోంగ్ జాంగ్, డెనిస్ షాషా ఆ లెక్కను ఎంతో సులువు చేశారు. కొమ్మల వరసను పట్టించుకోకూడదంటే మాత్రం లెక్క విపరీతంగా పెరిగిపోతుందని 1992లో తేలింది. అందుకే ఆచరణలో ఒక్కో అంతస్తును విడిగా తీసుకుని, అక్కడి అంశాలకు మంచి జతలు వెతుకుతారు. హెరాల్డ్ కూన్ 1955లో ప్రచురించిన ‘హంగేరియన్ పద్ధతి’ ఆ పని చేసిపెడుతుంది.

జపాన్‌లో యుకిహిరో మాత్సుమోతో 1995లో విడుదల చేసిన రూబీ ప్రోగ్రామింగ్ భాషలో ఈ చెట్లు సహజంగా ఒదుగుతాయి. పేరుతో విలువను దాచేది హ్యాష్, వరసగా దాచేది అర్రే. ఒకదానిలో ఒకటి ఎంత లోతుకైనా పెట్టవచ్చు. 2015 డిసెంబరులో వచ్చిన 2.3 వెర్షన్ లోపలి విలువను ఒక్క పిలుపుతో తీసే ‘డిగ్’ను తెచ్చింది. ప్రోగ్రామర్ పేరు తప్పు రాస్తే దగ్గరి పేరు సూచించే ‘డిడ్ యూ మీన్’ కూడా దాంతోనే వచ్చింది. లెవెన్‌స్టైన్ లెక్క అందులో ఇప్పటికీ పనిచేస్తోంది. 2019లో 2.7 వెర్షన్ ప్రయోగాత్మకంగా తెచ్చిన ప్యాటర్న్ మ్యాచింగ్ 2020లో 3.0తో స్థిరపడింది. అది హ్యాష్‌లో అడిగిన పేర్లే చూసి మిగతావి వదిలేస్తుంది. అర్రేలో వరసతో సహా సరిపోవాలంటుంది. జవాబు మాత్రం అవును, కాదు అనే రెండే. మార్కులు వేయడం ప్రోగ్రామర్ పని.

ఆ పనికి తనను తాను పిలుచుకునే చిన్న మెథడ్ చాలు. హ్యాష్ ఎదురైతే పేరు పేరునా పోల్చి తూకం వేయాలి. అర్రే అయితే మంచి జతలు కుదర్చాలి. మాట అయితే అక్షర దూరం, అంకె అయితే తేడా చూడాలి. గడి ఖాళీగా ఉంటే దాన్ని తప్పుగా కాక, తెలియనిదిగా వదిలేయాలి. అప్పలనాయుడి పేరుకు 30, చిరునామాకు 20, భూమికి 50 మార్కులు పెట్టామనుకోండి. ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉన్నందుకు పేరుకు 24, జిల్లా కలవనందుకు చిరునామాకు 15, వరస మారినా నంబర్లు, విస్తీర్ణాలు కలిసినందుకు భూమికి 50 వస్తే, మొత్తం 89. అక్షరాలు పోల్చి తోసేసిన రికార్డు ఇప్పుడు పరిశీలనకు నిలిచింది. ఏ మార్కు ఎక్కడ పోయిందో కూడా కనిపిస్తోంది.

ఇలాంటి మార్కుల మీద పింఛన్లు, పాస్‌పుస్తకాలు ఆధారపడే కాలమిది. కాబట్టి ప్రోగ్రాములు రాసే యువతకు ఒక విన్నపం. మొత్తం మార్కు ఒక్కటే చూపి ఊరుకోకండి, ఏ అంతస్తులో ఎన్ని తగ్గాయో చూపండి. జిల్లాల పాత, కొత్త పేర్ల పట్టికను, మన ఇంటిపేర్ల పొడి అక్షరాలను లెక్కలో చేర్చండి. అటూ ఇటూ కాని మార్కు వచ్చినప్పుడు పేరు కొట్టేయకండి; ఆ రికార్డును మనిషి ముందు పెట్టండి. 1969 నాటి సిద్ధాంతంలోనే ఆ మూడో తీర్పు ఉంది.