కార్డునకు అందని జబ్బు

2007 ఏప్రిల్ 1వ తేదీన రాజశేఖరరెడ్డి ప్రభుత్వము మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరోగ్యశ్రీ పథకమును ప్రారంభించునాటికి, గుండెకు చిల్లు పడిన కూలివాని బిడ్డ కార్పొరేట్ ఆసుపత్రి థియేటరులో అడుగిడుట ఏ దాతయో కరుణించినప్పుడు గాని జరుగని వింత; ఏడాది తిరిగి కొన్ని నెలలు గడచునప్పటికి అదే పథకము ఉమ్మడి రాష్ట్రమంతటను వ్యాపించి, తెల్లకార్డు గల ప్రతి కుటుంబమునకును ఏటికి లక్షన్నర రూపాయలు, అది చాలనిచోట మరి యేబదివేల వరకు, ఆపరేషన్ ఖర్చునకు పూచీపడెను. ఆ కార్డుచేత ప్రాణము దక్కినవారు ఊరూరను కనబడుచుండగా పథకమును తూలనాడుటకు నాకు నోరు రాదు. ఐనను పద్దెనిమిదేండ్లకు పైబడిన యనుభవము పిమ్మట ఒక మాట చెప్పక తప్పదు: సొమ్ము ఖజానాదే గాని, దానికి అబ్బిన నడవడి బీమా కంపెనీది. తొలినాళ్ళలో ప్రభుత్వము కుటుంబమునకింత యని స్టార్ హెల్త్ కంపెనీకి ప్రీమియం కట్టెడిది. క్రమముగా ఆ పని ఆరోగ్యశ్రీ ట్రస్టు చేతికి వచ్చినది. కంపెనీ తొలగినను ప్యాకేజీ, ముందస్తు అనుమతి, క్లెయిము, పరిమితి యను దాని పరిభాష మాత్రము తొలగలేదు.

స్వాతంత్ర్యమునకు ముందే మనకు వేరొక మార్గము సూచింపబడియున్నది. 1943లో నియమితమైన భోర్ కమిటీ 1946లో సమర్పించిన నివేదికయందు, డబ్బు చెల్లింపజాలడను కారణమున ఏ వ్యక్తికిని తగిన వైద్యము అందకపోరాదనియు, జబ్బు ముదిరిన పిమ్మట కాక రాకపూర్వమే వైద్యుడు గ్రామమునకు చేరువలో నుండవలయుననియు స్పష్టముగా చెప్పెను. నేడు మండలమండలమునను కనబడు ప్రాథమిక ఆరోగ్యకేంద్రము ఆ నివేదికకు పుట్టిన బిడ్డయే. ఆ తరువాత రెండేండ్లకు, 1948 జులై 5న, బ్రిటన్ దేశమున ఆరోగ్యమంత్రి అన్యూరిన్ బెవన్ సకల ప్రజలకును పన్నుల సొమ్ముతో వైద్యమందించు జాతీయ ఆరోగ్యసేవను నెలకొల్పెను. ఆయన పుట్టిన ట్రెడీగర్ అను వేల్స్ గనుల పట్టణమున, కార్మికులు కూలిలో కొన్ని పెన్నీలు సంఘమునకిచ్చి తమ వైద్యులను తామే పోషించుకొనుట చూచి పెరిగినవాడు గనుక, ఆ విధానము నాయనకు పుస్తకములో చదివినది కాదు. కళ్ళజోళ్ళకును కట్టుడుపళ్ళకును ప్రభుత్వము రుసుము విధింప నిశ్చయించినప్పుడు 1951లో మంత్రిపదవినే త్యజించినాడు. ఆ సేవలో లోపములు లేవని కాదు. మోకాలి శస్త్రచికిత్సకు నెలల తరబడి నిరీక్షించుట అచ్చటివారికి అలవాటు. అక్కడ క్యూ బాధ, ఇక్కడ బిల్లు బాధ. ఈ రెంటిలో క్యూ బాధకొరకు పొలమమ్మిన వానిని నేనెరుగను.

ఇక ప్రైవేటు బీమా. ప్రభుత్వరంగ కంపెనీలు 1986లో మెడిక్లెయిమ్ పాలసీని తెచ్చినవి. 1999 నాటి బీమా నియంత్రణ చట్టము తరువాత ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరచుకొన్నవి. ఈ వ్యాపారపు స్వభావము విచిత్రము: దీని కొనుగోలుదారులలో మిక్కిలి అక్కరగలవాడే మిక్కిలి అవాంఛితుడు. ఇరువదియైదేండ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏజెంటు పదిమార్లు ఫోన్ చేయును. షుగరున్న యాతని తండ్రికి మెడికల్ టెస్టులు, వెయిటింగ్ పీరియడ్, అంగలార్పు పుట్టించు ప్రీమియము. బీమా నియంత్రణసంస్థ 2024లో పాతజబ్బుల నిరీక్షణకాలపు గరిష్ఠపరిమితిని నాలుగేండ్లనుండి మూడింటికి తగ్గించినది. డిశ్చార్జి అనుమతి మూడుగంటలలో ఇయ్యవలెనన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత పాలసీలపై 18 శాతము జీఎస్టీయు తొలగినది. అన్నియు మేలే. కాని అమెరికాలోని పిల్లల యొద్దకు ఆరునెలలకై పోవు మన తల్లిదండ్రులకు కొను విజిటర్ పాలసీలలోని సన్నని అక్షరములు చదివినవారికి, పాతజబ్బు నెంత నేర్పుగా తప్పించుకొనవచ్చునో చక్కగా బోధపడును.

మొన్నటి వేసవిలో ఒక జిల్లాకేంద్రపు ప్రైవేటు ఆసుపత్రిలో, పథకపు సహాయకుడైన ఆరోగ్యమిత్ర కూర్చుండు బల్లచెంత, ఒక ముదుసలి కొంగుముడి విప్పి ప్లాస్టిక్ సంచిలో మడిచిన కార్డును, దానితో ఖాళీ మాత్రల అట్టను బయటికి తీయుట చూచితిని. బీపీకి, షుగరుకు మాత్రలు.

“పెద్దమ్మా, ఈ మాత్రలు కార్డుమీద రావు. ఆపరేషనో, ఆసుపత్రిలో చేరాల్సిన జబ్బో అయితేనే వస్తుంది. మీ ఊరి పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు గదా?”

“ఇస్తారు నాయనా. ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవంటారు. పోనీ ఒక్కరోజు నన్ను చేర్చుకోరాదూ?”

ఆ యువకుడు నవ్వలేదు. ఆమె యడిగినది తెలివితక్కువ ప్రశ్నయు కాదు. ఏండ్లకేండ్లు మాత్ర మ్రింగని షుగరు మూత్రపిండములను చెరచి, డయాలసిస్ మంచముపైకి తెచ్చినప్పుడు ఆమె చికిత్సకు కార్డు నిశ్చయముగా వచ్చును. నెలకు కొద్దిపాటి రూపాయల మాత్రకు రాని సొమ్ము నాడు వేలకొలదిగా వచ్చును. మాత్రకు ప్యాకేజీ లేదు. క్లెయిము చేసికొనుటకు అందులో నెవ్వరికిని మిగులు లేదు.

ధరకట్టిన ఆపరేషనులు పెరుగుట వింత గాదు. మన పల్లెలలో నడివయసైనను రాని స్త్రీల గర్భసంచులు అవసరము లేకయే తీసివేయబడుచున్నవని గగ్గోలు పుట్టిన పిమ్మట, ప్రభుత్వమే ఆ చికిత్సను సర్కారు ఆసుపత్రులకు పరిమితము చేయవలసివచ్చినది. మరియొకవంక బకాయిలు చెల్లింపలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు నిలిపివేయుట, మంత్రులు చర్చలకు పిలుచుట ఆంధ్ర, తెలంగాణ ఉభయరాష్ట్రములలోను పరిపాటియైపోయినది. ఇంతలో సర్కారు సొంతదైన హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2020 జులై వర్షములకు వార్డులలోనే నీరు నిలిచి, పాతభవనమునుండి రోగులను తరలింపవలసివచ్చెను. కొత్తభవనమునకు గోషామహల్‌లో శంకుస్థాపన జరిగినది 2025 జనవరిలో.

దేశమున వైద్యమునకగు మొత్తము వ్యయములో జనము జేబునుండి నేరుగా పెట్టునది 2013-14లో నూటికి 64 పాళ్ళు కాగా, 2021-22 నాటికి 39కి దిగినట్లు జాతీయ ఆరోగ్య లెక్కలు చెప్పుచున్నవి. ఆ ముప్పదితొమ్మిది పాళ్ళలో పెద్దవాటా మందులదే. పొరుగున తమిళనాడు 1994లోనే వైద్యసేవల సంస్థను స్థాపించి, రాష్ట్రమున కంతటికిని మందులు ఒక్కచేతిమీదుగా టోకున కొని, నమూనాలను పరీక్షింపించి, జిల్లా గిడ్డంగులకు పంపి, ప్రతి ఆసుపత్రికిని ఒక పాసుపుస్తకమిచ్చినది. డాక్టరు తన రోగులకేమి కావలెనో దానిని బట్టి గిడ్డంగినుండి తెప్పించుకొనును. ఇందులో గొప్ప శాస్త్రమేమియు లేదు, శ్రద్ధ యున్నది. మనకును అట్టి సంస్థలు, గిడ్డంగులు కలవు. కాని 2023 డిసెంబరులో తెలంగాణము కార్డు పరిమితిని పదిలక్షలకును, ఆంధ్రప్రదేశము ఇరువదియైదు లక్షలకును పెంచినప్పుడు మ్రోగిన చప్పట్లు మందుల అట్టకు మ్రోగవు. పరిమితి పెంచిన ఘనత యెవరిదను వాదము శాసనసభలో ఎన్నిమార్లయినను వింటిని. ఏ మండలపు ఆరోగ్యకేంద్రమున ఏ మాత్ర ఎన్నిదినములు లేకపోయినదో జాబితా తెచ్చి చదివిన సభ్యుని మాత్రము నేనింకను వినలేదు.