రైతు పనులు గుర్తుంచుకునేది గోడ క్యాలెండరా? సెల్‌ఫోనా?

"గేదె ఎదకొచ్చింది ఏ రోజు?" అని పశువుల డాక్టరు అడిగితే చాలామంది పాడి రైతులు ఇంట్లోవాళ్ల వైపు చూస్తారు. ఇల్లాలు "మొన్న సంత కాదు, అంతకుముందు సంత.." అంటూ వేళ్లు లెక్కపెడుతుంది. ఒక రోజు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. వారం తేడా వస్తేనే చిక్కు. ఎద దాటిపోతే మళ్లీ సుమారు 21 రోజులు ఆగాలి. ఆ 21 రోజులూ మేతా దాణా మామూలే, ఈత మాత్రం వెనక్కి పోతుంది.

ఎకరం, రెండెకరాల రైతుకు గుమాస్తా ఉండడు. దున్నకం, నీరు కట్టడం, మందు కొట్టడం, బ్యాంకు, సంత అన్నీ ఒక్కడి తలలోనే ఉండాలి. వెనకటికి పాల లెక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవారు. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఏదో ఒక ఫోను ఉంది. ఇక పుస్తకం ఎందుకు, అన్నీ ఫోనులోనే పెట్టుకుంటే పోలా? అని కుర్రకారు అంటున్నారు. ఈ గుండ్రాళ్లు నొక్కడం మా వల్ల కాదని పెద్దవాళ్లు అంటున్నారు. ఇద్దరిదీ సగం సగం నిజమే. పనిని బట్టి సాధనం ఎంచుకోవాలి గానీ, వయసును బట్టి కాదు.

మోగాల్సినవి ఫోనులో..

ఫోనుకున్న గొప్ప గుణం ఒకటే. మనం మరిచిపోయినా అది మోగుతుంది. రాత్రిపూట త్రీఫేజు కరెంటు వంతు వస్తే మోటారు దగ్గరకు వెళ్లడానికి అలారం పెట్టుకోవాలి. దీనికి పెద్ద ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు.

నెలల తరబడి ఆగి చేసే పనులకు కూడా ఫోనే మేలు. ఉదాహరణకు గేదెకు జూన్ 10న సూది వేయించారనుకుందాం. జూలై 1 ప్రాంతంలో మళ్లీ ఎద లక్షణాలు ఉన్నాయేమో చూడాలి. అందుకు ముందూ వెనకా రెండు మూడు రోజులు కలుపుకొని గమనించాలి. ఎదకు రాకపోతే రెండు మూడు నెలలకు చూలు పరీక్ష చేయించాలి. గేదె చూలు కాలం సుమారు 310 రోజులు కాబట్టి ఈత ఏప్రిల్ 16 ప్రాంతంలో ఉంటుంది. ఈతకు రెండు నెలల ముందే, అంటే ఫిబ్రవరి 15 నాటికి, పాలు తీయడం మానిపించి వట్టిపోనివ్వాలి. ఈ నాలుగు తేదీలూ సూది వేయించిన రోజునే ఫోనులోని క్యాలెండరులో ఎక్కించుకుంటే పది నెలల దాకా నిశ్చింత. గడియారం అలారం ఎక్కువగా రోజుకో వారానికో మోగేది. తేదీ పనులకు క్యాలెండరే వాడాలి. టైపు చేయడం రాకపోతే మైకు గుర్తు నొక్కి తెలుగులో చెప్పినా రాసుకుంటుంది. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్ల చేత పెట్టించుకోవచ్చు.

అయితే ఫోను మోగేసరికి మనం బురదలో ఉంటాం. మోత ఆపేస్తాం, ఆ తరువాత గుర్తుండదు. అందుకే పగలు కాకుండా, రాత్రి అన్నం తినే వేళకు మోగేలా పెట్టుకోవాలి. రోజుకు పది మోతలు పెట్టుకున్నవారికి ఒక్కటీ చెవికెక్కదు. తప్పితే నష్టం వచ్చే పనులకే పెట్టుకోండి.

ఇంకొక సంగతి. ఫోను పోయినా, కాలువలో పడినా, కొత్త ఫోనులో పాత గూగుల్ ఖాతా తెరిస్తే ఆ ఖాతా క్యాలెండరులో పెట్టుకున్నవి తిరిగి వస్తాయి. చాలామంది ఫోను కొన్నప్పుడు దుకాణంలో కుర్రాడే ఏదో పేరుతో ఖాతా తెరిచి ఇస్తాడు. ఆ పేరూ, పాస్‌వర్డూ రైతుకు తెలియవు. అలాంటప్పుడు ఫోనుతో పాటు అన్నీ పోయినట్లే.

అందరూ చూడాల్సినవి గోడ మీద..

ఫోను ఒకరి జేబులో ఉంటుంది. సేద్యం మాత్రం ఇంటిల్లిపాదీ చేసేది. ఒక ఇంట్లో జరిగిన సంగతి చూడండి. ఇంటాయన సాయంత్రం బెండకు పురుగుమందు కొట్టి, మర్నాడు పెళ్లికని ఊరెళ్లాడు. ఎన్ని రోజులు కోయకూడదో ఫోనులో పెట్టుకునే వెళ్లాడు. ఫోను కూడా ఆయనతోనే వెళ్లింది. ఇల్లాలు తెల్లారే కాయలు కోసి సంతకు పంపింది, కొన్ని ఇంట్లో వండింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది అదృష్టం.

మందు కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో డబ్బాతో వచ్చే కరపత్రంలో ఉంటుంది. అది చూసి, వంటింటి పక్కన వేలాడే క్యాలెండరులో ఆ తేదీ మీద ఎర్ర పెన్సిలుతో "బెండ కోయొచ్చు" అని రాయాలి. ఆ ముందు రోజులకు అడ్డగీత కొట్టాలి. చదువు రానివారికి కూడా అడ్డగీత అర్థమవుతుంది. పైగా తెలుగు క్యాలెండరులో కార్తెలు, అమావాస్యలు, పండుగలు ఉంటాయి. మృగశిరకు దుక్కి, ఆరుద్రకు నారు అని లెక్కేసే పెద్దవాళ్లకు ఇదే అనువు.

వరిలో యూరియా కూడా అంతే. నాటేటప్పుడు, దుబ్బు చేసే దశలో, అంకురం దశలో మూడు దఫాలుగా వేయాలి. ఏ మడికి ఏ రోజు వేశారో గోడ మీద ఉంటే అన్నదమ్ముల్లో ఎవరు చేనికి వెళ్లినా వేసిన మడికే మళ్లీ వేయరు. తేదీ వచ్చిందని మాత్రం కళ్లు మూసుకుని చల్లకూడదు. చేనికి వెళ్లి, పైరు ఆ దశకు వచ్చిందో లేదో చూసుకునే వేయాలి. ఆ పని ఫోనూ చేయదు, క్యాలెండరూ చేయదు.

నలుగురికి చూపాల్సినవి పుస్తకంలో..

పురుగుమందుల దుకాణంలో అరువు, కూలీల రోజులు, ట్రాక్టరు గంటలు.. వీటి దగ్గరే తగువులు వస్తాయి. నోటి లెక్క నిలవదు. దుకాణదారు పద్దులో రాసిన రోజే మన పుస్తకంలోనూ తేదీ, సరుకు, ధర రాసుకోవాలి. నాకు తెలిసిన ఒక రైతు లెక్కంతా ఫోనులోనే పెట్టుకున్నాడు. మోటారు వేయబోతే ఫోను బావిలో పడింది. సంక్రాంతికి లెక్క చూసుకునేటప్పుడు అవతలివారు చెప్పిందే ఖాయమైంది. వంద పేజీల పుస్తకం కొని, పంటకు కొన్ని పేజీలు వదిలితే చాలు. పెన్సిలు గానీ, బాల్‌పెన్ను గానీ వాడాలి. సిరా తడిస్తే అలుక్కుపోతుంది.

విత్తనాల బిల్లు విషయంలో మాత్రం పుస్తకమూ ఫోనూ రెండూ కావాలి. ఇప్పుడు చాలా దుకాణాల్లో చిన్న యంత్రం మీద వచ్చే బిల్లులు కొన్ని నెలలకే వెలిసిపోయి తెల్లకాగితం అవుతాయి. కొన్న రోజే ఫోనుతో ఫొటో తీయాలి, జిరాక్సు కూడా తీయించాలి. ఖాళీ సంచిని లేబులుతో సహా దాచాలి. లాటు నంబరు పుస్తకంలో రాయాలి. విత్తనం మోసపోయిన రైతు వినియోగదారుల కోర్టుకు వెళ్లవచ్చని నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులదే. కొన్న విత్తనమంతా విత్తేసే రైతు పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని ఆశించలేమనీ కోర్టు చెప్పింది. అయితే కొన్నట్లు రుజువు మన దగ్గరే ఉండాలి. నష్టం జరిగిన నాటి నుంచి 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలి.

పంట రుణం గడువు తేదీని మూడు చోట్లా రాసుకోవాలి. కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకున్న పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. లక్ష రూపాయల మీద ఏడాదికి ఇది 3,000 రూపాయలు. ఒక్క రోజు దాటినా ఆ రాయితీ రాదు. అసలు గడువు ఏ తేదీయో బ్యాంకులో అడిగి తెలుసుకుని, డబ్బు సర్దుకోవడానికి నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి ఫోను మోగేలా పెట్టుకోవాలి.

పుస్తకం మొదటి పేజీలో ఆధార్‌కూ, బ్యాంకు ఖాతాకూ ఇచ్చిన ఫోను నంబరు రాసుకోండి. సిమ్ము మార్చి ఆ సంగతి మరిచినవారికి పీఎం కిసాన్ సమాచారం, ఓటీపీలు పాత నంబరుకే పోతున్నాయి. పిన్ను నంబరు మాత్రం అందులో రాయవద్దు. పుస్తకాన్ని మందు డబ్బాల పక్కన కాకుండా బియ్యం డ్రమ్ము మీదో, దేవుడి గూట్లోనో పెట్టుకుంటే వెతుక్కోనక్కర్లేదు.